రెండు పేర్లు, ఒకే నాచు

ఈ సంచికకి ఎవరైనా ప్రముఖుల జీవితం రాయమని మా క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు నాకు ముందు తట్టినవి మీరందరూ ఊహించగల పేర్లే. ట్యూరింగ్, రామానుజన్, విశ్వేశ్వరయ్య. చివరికి రాస్తున్నది మాత్రం బతుకంతా సముద్రపు నాచు మీద పనిచేసిన ఒక ఇంగ్లండ్ ఆవిడ గురించి. సీఎస్ఈ వాడికి నాచుతో పనేంటని మా రూమ్మేట్ నవ్వాడు. ఆ పని ఎలా పడిందో ముందు చెప్తాను. నా చదువంతా ఇంగ్లీష్ మీడియం, కాబట్టి తెలుగులో తప్పులు దొర్లితే సర్దుకుపోండి.

మనలో ఎనిమే చూసేవాళ్ళకి ఒక సీన్ బాగా తెలుసు. ఎవరో టిఫిన్ బాక్స్ తెరుస్తారు. అందులో మూడు మూలల అన్నం ముద్ద, దాని చుట్టూ నల్లటి కాగితంలాంటి ముక్క. ఆ నల్లదాని పేరు నోరి. సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో అలాంటి సీన్ చూస్తుంటే అమ్మ వెనకనుంచి చూసి అదేంటని అడిగింది. సముద్రపు నాచంట అన్నాను. అయితే పోర్ఫైరా అయ్యుంటుంది అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను వీడియో పాజ్ చేశాను. మా అమ్మ బోటనీలో ఎమ్మెస్సీ. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పింది, తర్వాత మానేసింది. ఈ సంగతి నాకు తెలుసు. కానీ మేం ఒకప్పుడు అద్దెకున్న ఇంటి నంబర్ తెలిసినట్టు తెలుసు, అంతే. పోపు పెడుతూ మధ్యలో శాస్త్రీయ నామాలు చెప్పగల మనిషని ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ సాయంత్రం అటక మీంచి తన డిగ్రీ రికార్డు పుస్తకం దింపించింది. అన్నీ పెన్సిల్ బొమ్మలు, పక్కన గుండ్రటి తెలుగు అక్షరాల్లో పేర్లు. నేను క్లోరోప్లాస్ట్ అనేదాన్ని అమ్మ హరితరేణువు అంటుంది. ఆకుపచ్చ నాచుల పేజీల్లో ఒక్కో జాతికి హరితరేణువు ఒక్కో ఆకారంలో ఉంది. స్పైరోగైరాలో స్ప్రింగులా మెలితిరిగిన రిబ్బన్. క్లామిడోమోనాస్‌లో గిన్నె. జిగ్నీమాలో ఒక్కో కణంలో రెండు నక్షత్రాలు. యూలోత్రిక్స్‌లో పూర్తిగా కలవని కడియం. మైక్రోస్కోప్ కింద ఏ నాచో గుర్తుపట్టాలంటే ఈ ఆకారమే ఆధార్ కార్డు అన్నమాట.

స్పైరోగైరా బొమ్మ బాగుందని అంటే అమ్మ నవ్వింది. ఆ బొమ్మ తను చూసి గీసింది కాదట. చెరువు నుంచి తెచ్చిన నాచుని హార్లిక్స్ సీసాలో పోసి హాస్టల్ కిటికీలో నాలుగు రోజులు పెట్టిందట. ల్యాబ్ రోజు స్లైడ్ మీద వేసి చూస్తే స్ప్రింగూ లేదు, రిబ్బనూ లేదు. అంతా ముడుచుకుపోయి ఒక పచ్చటి ముద్ద. మార్కులు పోతాయని పుస్తకంలో ఉన్న బొమ్మనే దింపేసింది. మార్కులు పడ్డాయి.

అమ్మకి ఆరోజు కనిపించిన ముద్ద కూడా నిజమైన స్పైరోగైరానే. బొమ్మకీ దానికీ తేడా పెరిగిన పరిస్థితులది. ఇది తెలిశాక నేను కొంచెం చదివాను. నైట్రోజన్ అందకుండా చేస్తే క్లామిడోమోనాస్‌లోని పచ్చ గిన్నె చిక్కిపోయి, పిండిపదార్థంతో, నూనె బొట్లతో నిండిపోతుంది. మౌజోషియా అనే ఇంకో ఆకుపచ్చ నాచులో క్లోరోప్లాస్ట్ పలకలా ఉంటుంది. వెలుతురు తక్కువైతే ఆ పలక వెడల్పు వైపుని కాంతికి చూపిస్తుంది, ఎండ మరీ ఎక్కువైతే అంచుని మాత్రమే చూపిస్తూ పక్కకి తిరుగుతుంది. అదే కణం, అదే క్లోరోప్లాస్ట్. పై నుంచి చూసేవాడికి ఒకసారి పలక, ఒకసారి గీత. అందుకే నాచులు చదివేవాళ్ళు ఎక్కడో దొరికిన ఒక్క ముక్కని చూసి తీర్పు చెప్పరు. ల్యాబ్‌లో పెంచి, వెలుతురు, వేడి, ఆహారం మార్చి, ఏది మారుతుందో ఏది మారదో చూస్తారు.

అలా పెంచి చూడకుండా పేరు పెట్టేస్తే ఏమవుతుందో పోర్ఫైరా కథ చెప్తుంది. ఆ నల్ల కాగితం తయారయ్యే నాచే పోర్ఫైరా. ఇది ఆకుపచ్చ నాచు కాదు, ఎర్ర నాచు. దీని క్లోరోప్లాస్ట్‌లో పచ్చదనం ఉంటుంది కానీ ఫైకోఎరిథ్రిన్ అనే ఎర్ర రంగు దాన్ని కప్పేస్తుంది. ఈ నాచు జీవితంలో సగం భాగాన్ని శాస్త్రవేత్తలు వేరే జీవి అనుకుని వేరే పేరుతో 57 ఏళ్ళు పిలిచారు. ఆ తప్పు సరిదిద్దినావిడ పేరు కాథ్లీన్ మేరీ డ్రూ.

ఆవిడ 1901 నవంబర్ 6న ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, లీ అనే ఊళ్ళో పుట్టారు. బొగ్గు గనులు, నూలు మిల్లులు ఉన్న ఊరు అది. నాన్న వ్యవసాయ పనిముట్లు తయారుచేసేవారు. తర్వాత ఆవిడ దక్షిణాన ఉన్న సాల్స్‌బరీలో స్కూలు చదువు చదివి, స్కాలర్‌షిప్ సంపాదించుకుని మాంచెస్టర్ యూనివర్సిటీలో బోటనీలో చేరారు. 1922లో ఫస్ట్ క్లాస్ ఆనర్స్‌తో పాసయ్యారు. అప్పట్లో ఆ యూనివర్సిటీలో ఆడవాళ్ళకి ఫస్ట్ క్లాస్ రావడం చాలా అరుదు. మరుసటి ఏడాదే ఎమ్మెస్సీ. అప్పటికే అదే డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు కూడా చెప్తున్నారు.

1925లో ఆవిడకి కామన్‌వెల్త్ ఫెలోషిప్ వచ్చింది. దాంతో అమెరికాలోని బర్కిలీలో, కాలిఫోర్నియా యూనివర్సిటీలో రెండేళ్ళు పనిచేశారు. శాంపిళ్ళ కోసం హవాయి దాకా వెళ్ళారు. ఓడల్లోనే సముద్రాలు దాటే రోజుల్లో ఇరవైల్లో ఉన్న ఒక అమ్మాయి ఇదంతా చేసింది. అక్కడ ఆవిడ ఎంచుకున్నవి గొప్పగా కనిపించే నాచులు కావు. కంటికి సరిగా ఆనని, ఎర్రటి సన్న దారాల్లాంటి నాచులు. ఒకదానికొకటి అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి వాటి పేర్లన్నీ గందరగోళం. వాటిని వర్గీకరించి 1928లో ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. ఆ దారాలని అంతగా చూసిన కళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత పనికొచ్చాయని నా నమ్మకం. ఆ ముక్క తర్వాత చెప్తాను.

1928లోనే ఆవిడ పెళ్ళి జరిగింది. భర్త హెన్రీ రైట్ బేకర్ మాంచెస్టర్‌లోనే టెక్నాలజీ కాలేజీలో పాఠాలు చెప్పే మెకానికల్ ఇంజనీరు. ఇద్దరూ క్వేకర్ మతశాఖకి చెందినవాళ్ళు. పెళ్ళితో ఆవిడ లెక్చరర్ ఉద్యోగం పోయింది. పనిలో తప్పు పట్టి తీసేయలేదు. పెళ్ళైన ఆడవాళ్ళని ఉద్యోగంలో ఉంచకూడదని యూనివర్సిటీలో అప్పుడు ఒక నియమం ఉండేది. విచిత్రం ఏంటంటే బ్రిటన్‌లో ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా, 21 ఏళ్ళకే ఓటు హక్కు వచ్చింది కూడా ఆ సంవత్సరమే. అంటే ఆవిడ దేశ ప్రభుత్వాన్ని ఎన్నుకోవచ్చు, ఫస్టియర్ పిల్లలకి పాఠం మాత్రం చెప్పకూడదు.

మొన్నటిదాకా ఆవిడ మిస్ డ్రూ, లెక్చరర్. పెళ్ళి తర్వాత మిసెస్ బేకర్, ఇంకెవరో. మనిషి మాత్రం అదే మనిషి. అదే తల, అవే చేతులు, అదే మైక్రోస్కోప్.

ఇక్కడితో కథ ఆగిపోయి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు. కానీ డ్రూ ల్యాబ్ వదల్లేదు. లెక్చరర్‌గా కాకుండా గౌరవ పరిశోధకురాలిగా అదే యూనివర్సిటీలో కొనసాగారు. ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళని పెంచుతూనే పేపర్లు రాశారు. 1939లో డీఎస్సీ డిగ్రీ కూడా వచ్చింది. నాకు బాగా నచ్చిన చిన్న సంగతి ఒకటుంది. పెళ్ళైన ఇరవై ఏళ్ళ తర్వాత కూడా నాచుల మీద తన పేపర్ల కింద ఆవిడ పెట్టుకున్న పేరు డ్రూనే.

ఇప్పుడు నాచు దగ్గరికి వద్దాం. పోర్ఫైరా బ్రిటన్ తీరాల్లో రాళ్ళని అంటుకుని పెరుగుతుంది. చూడ్డానికి ఊదా రంగు ప్లాస్టిక్ కవర్ ముక్క తడిసి రాయికి అతుక్కున్నట్టు ఉంటుంది. ఆవిడ పనిచేసిన జాతి అయితే మందం ఒకే ఒక్క కణం. వేల్స్‌లో దాన్ని గంటలకొద్దీ ఉడకబెట్టి తింటారు. జపాన్‌లో దాని దగ్గరి జాతులని కాగితంలా ఆరబెట్టి నోరి చేస్తారు. ఈ నాచు బీజాల్లాంటి కణాల్ని నీళ్ళలోకి వదులుతుంది. వాటిని స్పోర్లు అంటారు. సమస్యల్లా ఆ తర్వాతే. ఆ స్పోర్లు ఎక్కడికి వెళ్తాయి? జపాన్ తీరంలో చలికాలమంతా కనిపించే నోరి ఎండాకాలంలో మాయమై, మళ్ళీ ఆకురాలే కాలంలో ఎక్కడినుంచి ఊడిపడుతుంది? ఎవరికీ తెలీదు.

ఇంకోపక్క, 1892లో బ్యాటర్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త సముద్రపు గవ్వల పెంకుల్లోకి దూరి బతికే ఒక గులాబీ రంగు దారాల నాచుని చూసి, దానికి కాంకోసెలిస్ రోజియా అని పేరు పెట్టారు. పెంకు మీద గులాబీ మచ్చలా ఉంటుంది. పేరు వచ్చింది కాబట్టి అది పుస్తకాల్లోకి ఎక్కింది. అదొక నాచు, పోర్ఫైరా ఇంకొక నాచు. రెంటికీ సంబంధం ఉందని అనుకోవడానికి కారణమే లేదు. ఒకటి రాళ్ళ మీద పొరలా, ఇంకోటి పెంకు లోపల జుట్టుకన్నా సన్నని దారంలా.

డ్రూ పోర్ఫైరాని ల్యాబ్‌లో పెంచాలనుకున్నారు. అయితే మాంచెస్టర్ సముద్రపు ఒడ్డు కాదు. పైగా ఈ నాచుకి సముద్రపు నీళ్ళుంటే చాలదు, ఆటుపోట్లు కూడా కావాలి. రోజూ కొన్ని గంటలు మునగాలి, కొన్ని గంటలు గాలికి ఆరాలి. ఇక్కడ ఆ మెకానికల్ ఇంజనీరు భర్త రంగంలోకి దిగారు. నీళ్ళు వాటంతటవే ఎక్కి దిగే ట్యాంకు తయారుచేసి ఇచ్చారు. మన ప్రాజెక్ట్ ఎక్స్‌పోల్లో మైక్రోకంట్రోలర్, రెండు పంపులు పెట్టి చేసే బొమ్మల్లాంటిదే, కాకపోతే మైక్రోకంట్రోలర్ పుట్టకముందు. ఇంజనీరింగ్ స్టూడెంట్‌గా నాకు ఈ ముక్క చదివినప్పుడు భలే సంతోషమేసింది. ఆ ట్యాంకు మీద ఎవరి పేరూ లేదు, కానీ అది లేకుండా నాచుని ఇంట్లో పెట్టుకుని చూడటం కుదరదు.

పోర్ఫైరా వదిలిన స్పోర్లని డ్రూ గాజు పాత్రల్లో పెంచితే అవి సన్నటి దారాలుగా మారి, పెద్దగా ఎదగకుండా ఉండిపోయేవి. అంతకుముందు చూసినవాళ్ళు కూడా ఇక్కడే ఆగారు. తర్వాత ఆవిడ శుభ్రం చేసిన గవ్వ పెంకుల్ని ఆ పాత్రల్లో వేశారు. స్పోర్లు పెంకు మీద వాలి, మొలకెత్తి, సున్నాన్ని తొలుచుకుంటూ లోపలికి దూరాయి. కొన్నాళ్ళకి పెంకు మీద గులాబీ మచ్చలు కనిపించాయి. ఆ మచ్చల్ని మైక్రోస్కోప్ కింద పెట్టిన మనిషి ఎర్ర దారాల నాచుల్ని ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మనిషి. గుర్తుపట్టారు. పుస్తకాల్లో కాంకోసెలిస్ రోజియా అని ఉన్నది ఇదే. అది వేరే జాతి కాదు, పోర్ఫైరా పిల్ల.

1949లో నేచర్ పత్రికలో ఆవిడ ఈ విషయం రాశారు. అది చాలా చిన్న వ్యాసం.

మన భాషలో చెప్పాలంటే ఒకే స్టూడెంట్‌కి రెండు హాల్ టికెట్ నంబర్లు ఇచ్చి, డేటాబేస్‌లో రెండు రికార్డులు పెట్టి, ఒకడు చలికాలం పరీక్షలకే వస్తాడు, ఇంకోడు ఎండాకాలం పరీక్షలకే వస్తాడు అని 57 ఏళ్ళు ఆశ్చర్యపోవడం లాంటిది. రెండు నంబర్లూ ఒక్కడివే అని తేల్చాలంటే వాడి వెనకాలే ఏడాదంతా తిరగాలి. డ్రూ చేసింది అదే.

ఇంత తేడా ఎలా ఉంటుందని నాకు అనుమానం వచ్చి కణం లోపలి సంగతి వెతికాను. పొరలా ఉన్న దశలో పోర్ఫైరా కణం మధ్యలో క్లోరోప్లాస్ట్ నక్షత్రంలా ఉంటుంది. గవ్వలోని దారం దశలో అదే క్లోరోప్లాస్ట్ కణం గోడ వెంబడి పట్టీలా పరుచుకుంటుంది. మళ్ళీ దారంలో కొన్ని కణాలు లావెక్కి, తర్వాతి దశకి స్పోర్లు తయారుచేసే సమయం వచ్చినప్పుడు నక్షత్రం తిరిగి కనిపిస్తుంది. అమ్మ రికార్డు పుస్తకం లెక్కన పట్టీ వేరు, నక్షత్రం వేరు. రెండు ఆధార్ కార్డులు. క్లోరోప్లాస్ట్ ఆకారం చూసి ఇవి రెండూ ఒకటే అని ఎవరూ అనలేరు. తేల్చడానికి ఉన్న దారి ఒక్కటే, పెంచి చూడటం.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను, మీరు చెయ్యకండి. గవ్వలో పెరిగింది కాబట్టి దారమైంది, రాయి మీద పెరిగింది కాబట్టి పొరయింది అని మొదట అనుకున్నాను. కాదు. దారం దశకీ పొర దశకీ క్రోమోజోముల సెట్లలోనే తేడా ఉంటుంది. అవి ఒకే జాతిలో రెండు తరాలు. గవ్వ లేకుండా గాజు ఫ్లాస్కులో కూడా ఆ దారాల్ని పెంచొచ్చు. మరి పరిస్థితుల పాత్ర ఏంటంటే, ఎప్పుడు మారాలి అన్నది అవే చెప్తాయి. వేసవి అంతా దారం గవ్వలో దాక్కుంటుంది. నీళ్ళు చల్లబడి పగళ్ళు చిన్నవైతే అది స్పోర్లు వదులుతుంది, అవి కొత్త పొరలవుతాయి. మార్పు దాని ఒంట్లోనే ఉంది, టైమింగ్ మాత్రం వాతావరణానిది. ఈ వేడి, ఈ పగటి లెక్కలన్నీ డ్రూ తర్వాత వచ్చినవాళ్ళు, ముఖ్యంగా జపాన్ వాళ్ళు, తేల్చారు. ఆవిడ తలుపు చూపించారు.

ఆ తలుపు జపాన్‌కి ఎంత అవసరమో తెలియాలంటే నోరి రైతుల బతుకు తెలియాలి. వందల ఏళ్ళుగా వాళ్ళు చేసిన వ్యవసాయం ఇలా ఉండేది. ఆకురాలే కాలంలో తీరం దగ్గర లోతులేని నీళ్ళలో వెదురు కొమ్మలో వలలో పాతి, స్పోర్లు వచ్చి అంటుకుంటాయని ఎదురుచూడటం. వస్తే పంట, రాకపోతే అప్పు. విత్తనం ఎక్కడ ఉంటుందో తెలీకుండా పొలం దున్ని కూర్చోవడమే అది. నోరికి జూదం గడ్డి అన్న అర్థం వచ్చే పేరు కూడా అందుకే పడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఏళ్ళలో పంటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. మన పల్లెల్లో వాన కోసం ఆకాశం వైపు చూసే రైతుని చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అలాంటి సమయంలో డ్రూ పరిశోధన క్యూషూ యూనివర్సిటీలో నాచుల మీద పనిచేసే సోకిచి సెగవా అనే శాస్త్రవేత్తకి చేరింది. జపాన్ నోరి కూడా ఇలాగే చేస్తుందా అని ఆయన తన దగ్గరి జాతులతో చూశారు. చేసింది. కుమమోటోలోని మత్స్య పరిశోధన కేంద్రంలో ఫుసావో ఓటా, ఆయన తోటివాళ్ళు ఒక అడుగు ముందుకేశారు. విత్తనం గవ్వలో ఉంటుందని తెలిసింది కదా, మరి గవ్వల్నే నారుమడిగా చేస్తే? 1953 నాటికి ఆ పద్ధతి పనిచేసింది.

పద్ధతి వినడానికి సులువే. ఆల్చిప్పల మీద స్పోర్లు చల్లి, వేసవంతా ట్యాంకుల్లో ఉంచుతారు. చిప్పలు నల్లబడతాయి, అంటే లోపల దారాలు నిండాయన్నమాట. ఆకురాలే కాలంలో నీళ్ళు చల్లబడగానే దారాలు స్పోర్లు వదులుతాయి. అప్పుడు పెద్ద చక్రానికి వలలు చుట్టి ఆ నీళ్ళలో తిప్పుతారు. స్పోర్లు వలకి అంటుకుంటాయి. ఆ వలల్ని తీసుకెళ్ళి సముద్రంలో కట్టడమే. మనం నారు పోసి నాట్లు వేసినట్టే. జూదం కాస్తా వ్యవసాయమైంది. ఇప్పుడు జపాన్‌లో ఏటా వందల కోట్ల నోరి షీట్లు తయారవుతున్నాయంటే పునాది అక్కడ పడింది. కొరియా, చైనాల్లో సాగుకి కూడా ఆధారం ఈ గవ్వ దశ జ్ఞానమే.

ఇదంతా జరుగుతున్నప్పుడు డ్రూ మాంచెస్టర్‌లోనే ఉన్నారు. 1952లో బ్రిటిష్ ఫైకలాజికల్ సొసైటీ, అంటే నాచుల శాస్త్రవేత్తల సంఘం, ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలిగా ఆవిడనే ఎన్నుకున్నారు. అప్పటికి లెక్చరర్ ఉద్యోగం పోయి 24 ఏళ్ళు. 1957 సెప్టెంబర్ 14న, 56 ఏళ్ళు నిండకుండానే చనిపోయారు. జపాన్‌కి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఈ పనిమీద పేటెంట్ లేదు, డబ్బూ రాలేదు.

1963లో నోరి రైతులు చందాలు వేసుకుని కుమమోటో ప్రాంతంలోని ఉటో అనే ఊళ్ళో, అరియాకె సముద్రం కనిపించే చోట ఆవిడకి స్మారకం కట్టారు. ప్రతి ఏడాదీ ఏప్రిల్ 14న అక్కడ ఆవిడ పేరుమీద ఉత్సవం జరుగుతుంది. సముద్ర మాత అని పిలుచుకుంటారు. అక్కడి వాళ్ళలో ఎక్కువమంది ఆవిడని ఎప్పుడూ చూడలేదు. ఆవిడ వాళ్ళ నోరి పొలాల్ని ఎప్పుడూ చూడలేదు. పంట మాత్రం ఇద్దరిదీ.

ఈ కథని ఇంటర్నెట్‌లో చాలామంది ఒక అద్భుతంలా చెప్తారు. పోర్ఫైరాకి ఆవిడ ఏ మంత్రమో వేసినట్టు. నాకు అలా అనిపించలేదు. ఆవిడ చేసింది చాలా మామూలు పనిలా కనిపిస్తుంది. ఒక జీవికి పరిస్థితులు మార్చి, ఓపిగ్గా కాచుకుని, కనిపించింది కనిపించినట్టు రాయడం. ఆకారం మారితే పేరు మార్చేయకుండా వెనకాల ఉన్నది అదేనా అని అడగడం. పెళ్ళైందని తన పేరు, హోదా మార్చేసిన చోటే కూర్చుని ఈ ప్రశ్న అడగడం మాత్రం మామూలు కాదు. ఆవిడ మనసులో ఈ రెండూ ఎప్పుడైనా కలిసాయో లేదో నాకు తెలిసే దారి లేదు. నా మనసులో మాత్రం కలిసిపోయాయి.

ఎందుకంటే మా ఇంట్లో అలాంటి నియమం ఎవరూ రాయలేదు. అమ్మని ఉద్యోగం మానెయ్యమని ఏ కాలేజీ చెప్పలేదు, నాన్న కూడా చెప్పలేదట. ఊరు మారింది, నేను పుట్టాను, నానమ్మకి ఒంట్లో బాగోలేదు, ఒక ఏడాది రెండేళ్ళయింది, రెండు పదయ్యాయి. పరిస్థితులు అంతే. నేను పుట్టినప్పటి నుంచి అమ్మని ఒకే ఆకారంలో చూశాను కాబట్టి ఆ ఆకారమే అమ్మ అనుకున్నాను. పోర్ఫైరా అని ఒక్క మాట అన్నరోజు వరకు.

ఈ వ్యాసం డ్రాఫ్ట్ ఫోన్‌లో చదివి వినిపిస్తే అమ్మ రెండు తప్పులు దిద్దింది. ఒకటి స్పెల్లింగ్. రెండోది పైన చెప్పిన గవ్వ విషయం, అదీ అమ్మ పట్టుకున్న తప్పే. తన గురించి రాసిన పేరా వచ్చినప్పుడు ఏమీ అనలేదు. కాసేపాగి, వేసవిలో వచ్చేటప్పుడు ఆ మడతపెట్టే కాగితపు మైక్రోస్కోప్ ఏదో దొరుకుతుందన్నావు కదా, తీసుకురా అంది.

ఆర్డర్ పెట్టాను. ఊళ్ళో చెరువు ఇంకా ఉంది, నీళ్ళుంటే స్పైరోగైరా కూడా ఉంటుందని అమ్మ నమ్మకం. ఈసారి సీసాలో నాలుగు రోజులు పెట్టేది లేదు, తెచ్చిన గంటలోనే చూడాలంది. రికార్డు పుస్తకంలో చివర రెండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఒకదాంట్లో తాజా స్పైరోగైరా, రెండోదాంట్లో కిటికీలో పెట్టి వాడిపోయాక అదే స్పైరోగైరా. రెంటి కింద ఒకే పేరు రాస్తుందట.